వుయ్ మేడ్ అప్

ఆగస్టు 6, బుధవారం

మధ్యాహ్నం స్టడీ అవర్‌లో రితేష్ అఖిల చేతి మీద స్టీలు స్కేలుతో కొట్టాడు. వెడల్పు వైపుతో కాదు, అంచుతో. వారం పరీక్షలో మార్కులు తగ్గాయట. స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నేనూ మాధవీ నిలబడి ఉన్నాం. ఆ పిల్ల అరవలేదు. మాధవే నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

రితేష్ ఈ సూర్యాపేట కాలేజీలో మా ఫ్లోర్ ఇన్‌ఛార్జి. కరస్పాండెంట్ వెంకటనారాయణ గారికి మేనల్లుడు. పాఠం చెప్పడు గానీ స్కేలు మాత్రం చేతిలోంచి దించడు.

క్లినిక్‌కు నేనే తీసుకెళ్లాను. ఎక్స్‌రే తీస్తే చూపుడు వేలి ఎముక విరిగింది. కట్టు కడుతూ "ఎట్లయిందమ్మా?" అని డాక్టరు అడిగితే, "మెట్ల మీద పడ్డ సార్" అంది. నేను పక్కనే ఉన్నాను. ఎవరు నేర్పారని అడగక్కర్లేదు.

సాయంత్రం గరిడేపల్లి నుంచి వాళ్ల నాన్న పెంటయ్య వచ్చాడు. నాట్ల మధ్యలోంచి లేచి వచ్చినట్టున్నాడు, పాంటు మడతల్లో బురద ఇంకా ఆరలేదు.

"మెట్ల మీద పడ్డదంట గద మేడం. సూస్కోని నడవది. ఇంటికాడ గూడ గంతే."

"పడలేదు. రితేష్ సార్ కొట్టాడు. నేను చూశాను."

ఆయన బిడ్డ వైపు తిరిగాడు. అఖిల తల దించుకుంది. "మరి నాకు గట్లెందుకు జెప్పినవే?" అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. ఆ నెమ్మది నాకింకా చెవుల్లో ఉంది.

రేపు ఫిర్యాదు రాసిస్తాను. మాధవి కూడా సంతకం పెడతానంది. ఇద్దరు లెక్చరర్లు చూశామంటే కాదనడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది?

ఆగస్టు 8, శుక్రవారం

ఫిర్యాదు ఇచ్చాను. ఒక్క సంతకంతోనే.

వెంకటనారాయణ గారు చదివి మడిచి, కళ్లద్దాల పెట్టె కింద పెట్టాడు. "కూసో కరుణమ్మా. గిది మన ఇంటి సంగతి. ఇంట్ల పిల్లలకు ఒక దెబ్బ ఎయ్యమా?"

"మా ఇంట్లో ఎముకలు విరగ్గొట్టరు సార్."

నవ్వాడు. "మాధవి మేడం ఏం సూడలేదంటున్నది మరి."

కారిడార్‌లోనే మాధవిని పట్టుకున్నాను. నా మొహం వైపు చూడకుండా, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ మాట్లాడింది.

"నేను చెప్పలేను కరుణా. మా ఆయన సంగతి నీకు తెలుసు గద."

తెలుసు. వాళ్లాయన వెంకటేష్‌ది మిర్యాలగూడలో రైస్ మిల్లు. మా కాలేజీ హాస్టళ్లు అన్నింటికీ బియ్యం అక్కడి నుంచే వస్తాయి.

"నువ్వు చూశావా, చూడలేదా?"

"నన్ను అడగకు."

"సరే. ఇక నాతో మాట్లాడకు."

ఎనిమిదేళ్ల స్నేహం. ఇంతేనని తేలిపోయింది, మంచిదే. నేనేమీ బాధపడటం లేదు.

ఆగస్టు 9, శనివారం

మాధవి నా పక్క కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి మారింది. నాకేమీ అనిపించలేదు.

ఆగస్టు 11, సోమవారం

ఇవాళ కూడా ఏమీ అనిపించలేదు. బాక్సు తెరవకుండానే ఇంటికి తెచ్చాను. కోదాడలో బస్సు దిగి ఇల్లు చేరగానే అమ్మ నా చేతిలోంచి సంచి అందుకుని బరువు చూసింది.

ఆగస్టు 12, మంగళవారం

సెకండియర్‌కు ఫ్రేజల్ వెర్బ్స్ మొదలుపెట్టాను. "మేక్ అప్ అంటే ఏంటి?" అని అడిగితే క్లాసంతా ఒక్కసారి నవ్వింది.

"లిప్‌స్టిక్ మేడం!"

"పెండ్లిపిల్లకు ఏసేది మేడం!"

నాకూ నవ్వొచ్చింది. అదీ ఒక అర్థమే అన్నాను. లేనిది కల్పించి చెప్పడం ఇంకొకటి. పోట్లాడుకున్నవాళ్లు మళ్లీ కలిసిపోవడం మరొకటి. తప్పిన పాఠం తర్వాత పూడ్చుకున్నా అదే మాట, పదకొండు మంది కలిసి ఒక జట్టయినా అదే మాట. వెళ్లాలా వద్దా అని ఊగే మనసును ఒక దగ్గర నిలబెట్టినా అదే.

"ఒక్కదానికి గిన్ని ఎట్లుంటయి మేడం?" అని ముందు బెంచీ పిల్ల విసుక్కుంది. జవాబు అఖిల చెప్పింది. కట్టు ఉన్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో వంకరటింకరగా రాసుకుంటోంది.

"మనకు లేవా? అన్నం పెడతరు, పేరు పెడతరు, వాతలు గూడ పెడతరు."

క్లాసు మళ్లీ నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు.

పక్కన ఏ మాట ఉందో చూడాలి, ఎవరు ఎవరితో ఎప్పుడు అన్నారో చూడాలి అని చెప్పాను. ఒక్క ముక్క తుంచుకొచ్చి అర్థం చెప్పమంటే ఎవరికి ఏది కావాలో అదే చెబుతుంది. మంచి పాఠం. చాలా రోజుల తర్వాత మంచి పాఠం చెప్పాను.

ఆగస్టు 15, శుక్రవారం

జెండా వందనం అయ్యాక పిల్లలకు చాక్లెట్లు పంచుతుంటే మాధవి వచ్చి పక్కన నిలబడింది.

"ఎన్ని రోజులు గిట్ల?"

"నువ్వు చూడలేదన్నన్ని రోజులు."

"సూడలేదని నేను అనలేదు. చెప్పలేనని అన్న. కరస్పాండెంట్ గట్ల మార్చి చెప్పిండు." కళ్లలో నీళ్లు తిరిగాయి. "పులిహోర తెచ్చిన. నువ్వు తినకపోతే నేను తినను. నాకు షుగరున్నది, తినకపోతే కండ్లు తిరిగి పడిపోత. ఇగ నీ ఇష్టం."

ఇలాంటి బెదిరింపు ఇంకెవరు చేస్తారు? తిన్నాను. ఇద్దరం ఖాళీ క్లాసులో కూర్చుని డబ్బా అడుగు దాకా తిన్నాం. కలిసిపోయాం.

సంతకం సంగతి ఎత్తలేదు. ఎత్తితే ఆ డబ్బా ఖాళీ అయ్యేది కాదు. తర్వాత అడుగుతాను. మాధవి పెడుతుంది. నాకు తెలుసు.

ఆగస్టు 19, మంగళవారం

మిర్యాలగూడ బ్రాంచిలో విచారణ జరిగింది. కాశీరాం గారని రిటైరైన ప్రిన్సిపాల్‌ను పిలిపించారు. పెద్దమనిషి. కుర్చీ చూపించి, మంచినీళ్లు ఇప్పించి, అంతా ఇంగ్లీషులో అడిగాడు. నేనూ ఇంగ్లీషులోనే చెప్పాను. స్కేలు, అంచు, వేలు, ఎక్స్‌రే, అన్నీ చెప్పాను. ఒక్కచోట కూడా తడబడలేదు.

చివర్లో, మీకూ మాధవి గారికీ ఈ విషయంలో మాటలు పోయాయట, ఇప్పుడు కలిసిపోయారా అని అడిగాడు. మా పులిహోర ఈయన దాకా వచ్చిందా అని నవ్వొచ్చింది. "యెస్ సర్, వుయ్ మేడ్ అప్" అన్నాను.

రితేష్ కూడా ఆ గదిలోనే ఉన్నాడు. ఫోను బల్ల మీద బోర్లా పెట్టుకుని కూర్చున్నాడు.

న్యాయంగానే జరిగింది. టీ కూడా ఇచ్చారు.

ఆగస్టు 21, గురువారం

పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో నా గొంతు.

"యెస్ సర్, వుయ్ మేడ్ అప్." అంతే. ముందు ప్రశ్న లేదు, వెనక మాట లేదు. నవ్వుతూ అన్నాను కదా, ఆ నవ్వు మాత్రం ఉంచారు. కింద తెలుగులో రాశారు: 'ఆ ఆరోపణ తాము కల్పించిందేనని కరుణ మేడం విచారణలో స్వయంగా ఒప్పుకున్నారు.'

స్టాఫ్ రూమ్‌లో అందరూ ఫోన్లు దించి పుస్తకాలు పట్టుకున్నారు. మాధవి సెలవు పెట్టింది. ఫోను ఎత్తలేదు.

పెంటయ్య ఫోన్ చేశాడు. "మేడం, అంటే నా బిడ్డ గూడ అబద్ధం ఆడిందా? ఊళ్లె అందరు అదే అడుగుతున్నరు." అది కాదు, ఆ మాటకు ఇంకో అర్థం ఉందని చెప్పడం మొదలుపెట్టాను. నాకే సాకులా వినిపించింది. ఆయన కాసేపు విని, "సరే మేడం" అని పెట్టేశాడు.

ఇంటికొచ్చి అమ్మకు వినిపించాను. అమ్మ రెండోసారి పెట్టించుకుని విన్నది.

"మేకప్పేంటే? నువ్వు పౌడరు కూడా సరిగ్గా రాసుకోవు గదా!"

పగలబడి నవ్వాను. నవ్వు ఆగకపోతే అమ్మ వచ్చి తల మీద చెయ్యి వేసింది. అప్పుడు ఆగింది.

ఆగస్టు 22, శుక్రవారం

వెంకటనారాయణ గారు పిలిచారు. గదిలో ఇంకెవరూ లేరు.

"ఆ మాటకు నేను చెప్పింది ఏ అర్థమో మీకు తెలియదా సార్?" అన్నాను.

"తెల్వకేం? నేను గూడ సదువుకున్నోన్నే." ఎంత తాపీగా ఒప్పుకున్నాడో! "గ్రూపుల నేను పెట్టలే. ఎవరో పెట్టిన్రు. అయిందేదో అయింది. నెలాఖరుకు పేరెంట్స్ మీటింగ్ ఉన్నది. ఆడికొచ్చి జర పొరపాటయిందని చెప్పు, ఖతం. మిర్యాలగూడ బ్రాంచిల నీకు వైస్ ప్రిన్సిపాల్ పోస్టు ఇస్త. రాజీ పడమ్మా. రాజీ పడుడును గూడ మేకప్ అనే అంటరు గద?"

తన మాటకు తనే నవ్వుకున్నాడు.

"మనసు గట్టిచేసుకోవడాన్ని కూడా అదే అంటారు సార్" అన్నాను.

నవ్వు ఆగింది. సోమవారం నుంచి క్లాసులకు రావద్దన్నాడు. గుమ్మం దాటి, వెనక్కి తిరక్కుండా నడిచాను.

ఆగస్టు 24, ఆదివారం

ప్రార్థన అయ్యాక అమ్మతో చెప్పి గరిడేపల్లి వెళ్లాను. అఖిల కాలేజీకి పోవడం మానేసిందని ముందు బెంచీ పిల్ల మెసేజ్ పెట్టింది.

పెంటయ్య మంచం వాల్చాడు గానీ ఎదురుగా కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"హోటల్ కాడ కూసుంటే అదే పెట్టి వినిపిస్తున్నరు మేడం. పిల్ల నీళ్లకు పోయినా నవ్వుతున్నరు. సార్ మీద అబద్ధం చెప్పి వేలు అడ్డం పెట్టుకున్నదంట."

నేను నోరు తెరిచేలోగా లోపలి నుంచి అఖిల వచ్చింది. కట్టు మాసిపోయి ఉంది.

"మేడం, మీరు మాధవి మేడంతోటి కలిసిర్రా?"

అవునని తలూపాను.

"మీరిద్దరు మాట్లాడుకుంటలేరని మాకందరికి తెలుసు. జెండా పండుగ నాడు ఖాళీ క్లాసుల కూసోని తింటుంటే కిటికీల నుంచి సూసినం. మీరు కలిసినమనే అన్నరు. నేను నాయినకు చెప్పిన. నమ్మలే."

పెంటయ్య నా మొహంలోకి చూశాడు. "నాకు ఇంగ్లీషు రాదు మేడం. మీరు గీడిదాక వచ్చిర్రు. అబద్ధమైతే ఎందుకొస్తరు?" అని, ఇంట్లోకి తిరిగి, "టీ పెట్టున్రి" అని కేకేశాడు. అప్పుడు కూర్చున్నాడు.

మీటింగ్‌కు వస్తానన్నాడు. పిల్లను కూడా తీసుకొస్తానన్నాడు.

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. వీధిలో మైకు. మాధవి ఫోన్ చేయలేదు. చేస్తుందని నేనేమీ అనుకోలేదు. ఫోను చార్జింగ్ మూడుసార్లు చూశాను, అది వేరే సంగతి.

ఆగస్టు 31, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మీటింగ్ హాలు నిండా తల్లిదండ్రులు. స్టేజీ మీద వెంకటనారాయణ గారు, కాశీరాం గారు, రితేష్, చివరి కుర్చీలో మాధవి. క్లాసులు ఆపించాక దిగొచ్చి క్షమాపణ చెబుతాననే అనుకున్నట్టున్నారు, గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. మైకు కూడా వాళ్లే చేతికిచ్చారు.

తెలుగులోనే మాట్లాడాను. "గ్రూపులో మీరు విన్న గొంతు నాదే. మాధవి గారితో మళ్లీ కలిసిపోయారా అని అడిగితే, కలిసిపోయామని చెప్పాను. ఆ ప్రశ్న కోసేసి జవాబు మీకు పంపారు. ఇంగ్లీషులో ఆ మాటకు చాలా అర్థాలున్నాయి. కావాలంటే ఏ అర్థమైనా తీసుకోండి. విరిగిన వేలికి మాత్రం ఒక్కటే అర్థం."

మైకు ఆపేశారు. పర్వాలేదు, నా గొంతు వెనక బెంచీ దాకా వెళ్తుంది. పదేళ్లుగా చేస్తున్న పని అదే.

"కాశీరాం గారూ, మీరు నన్ను ఏం అడిగారో వీళ్లకు చెప్పండి" అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆ అద్దాలు ఎంతకీ శుభ్రపడలేదు.

అప్పుడు మాధవి లేచింది. నా వైపు చూడలేదు.

"కరుణ చెప్పింది నిజమే. మాకు గొడవైంది. మళ్లీ కలిసినం. ఆమె అన్నది గదే."

అని కూర్చుంది.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. పెంటయ్య లేచాడు. అంతమందిలో మాట్లాడటం ఆయనకు అలవాటు లేదు, టవలు చేతుల్లో నలిపేస్తున్నాడు. "అమ్మా, మాధవి మేడం. గొడవ ఎందుకైంది మరి? నా బిడ్డను కొట్టుడు మీరు గూడ సూసిర్రా?"

మాధవి మళ్లీ లేచింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని స్టేజీ దిగి పక్క తలుపులోంచి వెళ్లిపోయింది.

చూశానని అనలేదు. చూడలేదని కూడా అనలేకపోయింది.

"ఇగ సాలు, ప్రోగ్రెస్ కార్డులు తీస్కోన్రి" అన్నాడు వెంకటనారాయణ గారు. ఎవరూ కదల్లేదు. మధ్య వరసలోంచి ఒకామె లేచింది, విజయలక్ష్మి అని ఫస్టియర్ పిల్ల తల్లి. "మా దాని అరచేతులు గూడ వాచినయి పోయిన నెల. అడిగితే చాపల పురుగు కుట్టిందన్నది. ఏమే, పురుగేనా?" అని పక్కనున్న కూతుర్ని అందరిముందూ అడిగింది. ఆ పిల్ల ఏడ్చేసింది. ఇంకో తండ్రి లేచాడు. ఇంకొకరు. రితేష్ కుర్చీ ఎప్పుడో ఖాళీ అయిందని అప్పుడు గమనించాం.

బయట అఖిల నా చెయ్యి పట్టుకుంది. ఎడమ చేత్తోనే, గట్టిగా.

సెప్టెంబరు 1, సోమవారం

ఉద్యోగం తీసేశారు. ఫోనుకు మెసేజ్ వచ్చింది. నేనేమీ బాధపడటం లేదు. ఈసారి నిజంగానే.

సెప్టెంబరు 3, బుధవారం

పెంటయ్య సూర్యాపేటలో పోలీసు కేసు పెట్టాడు. నా వాంగ్మూలం తీసుకున్నారు. టీచరునని తెలిసి, ఇంగ్లీషులో ఇస్తారా మేడం అని ఎస్సై మర్యాదగా అడిగాడు.

"తెలుగులోనే. నేను చెప్పింది చెప్పినట్టు రాసి, మళ్లీ చదివి వినిపించండి" అన్నాను. వినిపించాడు. ఒక్క చోట 'తోసాడు' అని ఉంటే 'కొట్టాడు' అని మార్పించాను.

ఇంకో సాక్షి ఉన్నారా అని అడిగాడు. ఉన్నారన్నాను. వస్తారా అంటే, తెలియదన్నాను. అబద్ధం చెప్పడం ఇష్టం లేక.

సెప్టెంబరు 8, సోమవారం

మా ముందు గదిలో ట్యూషన్ మొదలైంది. అమ్మ తన అంగన్‌వాడీ రోజుల నాటి చాపలు తీసి దులిపింది. అఖిలకు కోదాడలో ప్రభుత్వ కాలేజీలో సీటు దొరికింది. కాలేజీ అయ్యాక నా దగ్గరికే వస్తోంది.

మధ్యాహ్నం మాధవి ఫోన్.

"కరుణా, ఆ రోజు నాకు చేతనైంది అంతే."

"సగమే చేతనైంది."

"మనం మళ్ల ఎప్పటి లెక్క ఉండలేమా? నాకు నిద్ర పడుతలేదు. నువ్వు ఒక్క మాట అను, చాలు."

అనాలనే అనిపించింది. పది రోజుల కిందటి నేనైతే అనేసేదాన్నే. పులిహోర కూడా అడిగేదాన్ని.

"ఒకసారి ఆ మిగతా సగం వదిలేసి కలిసిపోయాం మాధవీ. దాన్ని పట్టుకుని వాళ్లు ఆ పిల్లను అబద్ధాలకోరును చేశారు. ఈసారి అట్లా కలవను. స్టేషన్‌కు వచ్చి చూసింది చెప్పు. తర్వాత నాతో మాట్లాడు."

"వెంకటేష్..."

"వెంకటేష్ ఆ గుమ్మం దగ్గర లేడు. నువ్వే ఉన్నావు. నా చెయ్యి పట్టుకున్నది నువ్వే."

ఏడుపు వినిపించింది. నేనే పెట్టేశాను. పెట్టేసి, తప్పు చేశానా అని అమ్మను అడిగాను. అమ్మ చాప మడతేస్తూ, "ఏమో మరి. నేనైతే ఇంకాస్త ముందే పెట్టేసేదాన్ని" అంది.

సెప్టెంబరు 12, శుక్రవారం

అఖిల వాంగ్మూలం ఉందంటే తోడు వెళ్లాను. కట్టు విప్పారు. వేలు కొంచెం వంకరగా కుదిరింది, పూర్తిగా వంగడం లేదు. పెన్ను పట్టుకుంటోంది గానీ అక్షరం మారిపోయింది.

స్టేషన్ వరండాలో కూర్చున్నాం. నేనేమీ గేటు వైపు చూడలేదు. ఆటో ఆగిన చప్పుడైతే మాత్రం తల తిప్పాను.

మాధవి. ఒక్కతే వచ్చింది. మిర్యాలగూడ నుంచి బస్సులో వచ్చినట్టుంది, జుట్టంతా రేగిపోయి ఉంది. నన్ను పలకరించలేదు. అఖిల ముందు ఆగి, ఆ వేలు చేతిలోకి తీసుకుని చూసి, లోపలికి వెళ్లింది.

తలుపు తీసే ఉంది. ఆమె గొంతు వరండాలోకి వినిపించింది. ముందు చాలా సన్నగా, ఎస్సై "జర గట్టిగ చెప్పండి మేడం" అన్నాక స్పష్టంగా.

"నేను చూసిన. రితేష్ స్కేలు నిలువుగ పట్టుకోని కొట్టిండు. నేనూ కరుణా గుమ్మంల ఉన్నం. ఆ చప్పుడు గూడ విన్న."

అఖిల నా భుజం మీద తల వాల్చింది. పెంటయ్య టవలుతో మొహమంతా తుడుచుకున్నాడు, చెమట పట్టినట్టు.

రితేష్ మీద కేసు ఇక నిలబడుతుందన్నాడు ఎస్సై. ఎప్పటికి తేలుతుందో చెప్పలేదు. తేలేదాకా తిరుగుతాం.

పెంటయ్య పిల్లను తీసుకుని వెళ్లాడు. మేమిద్దరం నడుచుకుంటూ బస్టాండుకు వచ్చాం. ప్లాట్‌ఫారం మీద బల్ల ఖాళీగా ఉంటే నేను కూర్చున్నాను. తను నిలబడింది.

"హాస్టళ్లకు మా మిల్లు బియ్యం తీస్కునుడు ఆపేసిన్రు. వెంకటేష్ రెండు రోజుల నుంచి మాట్లాడుతలేడు" అంది. ఫిర్యాదులా లేదు, వార్త చెప్పినట్టుంది.

"నీకు భయం లేదా?"

"మస్తున్నది." నా వైపు తిరిగి, "ఇగ నువ్వన్న మాట్లాడతవా?"

"రేపటి నుంచి మాట్లాడతా. ఇవాళ్టికి కోపంగానే ఉంటా."

"సరే" అని పక్కన కూర్చుంది.

మిర్యాలగూడ బస్సు వచ్చింది. కండక్టరు దిగి ఊరి పేరు అరిచాడు. మాధవి లేవలేదు. బస్సు వెళ్లిపోయింది. ఇద్దరం నా కోదాడ బస్సు కోసం చూస్తూ కూర్చున్నాం.